టోపీ, బూట్లు, తాతలనాటి కటింగ్: మగవాళ్లు దుస్తుల్లో సొంత తీరు తెచ్చుకోవడం ఎలా

"టోపీ పెట్టుకుంటే వీధిలో అందరూ నన్నే చూస్తారేమో." "లేసుల్లేని లోఫర్లు ఎప్పుడు కొన్నా మడమ దగ్గర కరుస్తున్నాయి." "పాత ఫోటోల్లో ఉన్నట్టు ప్యాంటు కుట్టమంటే మా టైలర్ కుదరదంటున్నాడు." తరచూ నా దగ్గరికి వచ్చే ప్రశ్నలు ఈ మూడే. జవాబులన్నీ ఒకేచోట, చేయాల్సిన వరుసలో రాస్తున్నాను.

వరుస చాలా ముఖ్యం. ఎక్కువమంది టోపీతో మొదలుపెడతారు. నేను మాత్రం పాదాల నుంచి పైకి రమ్మంటాను: ముందు బూట్లు, తర్వాత ప్యాంటు, చొక్కా, చివర టోపీ. కింద అమరిక కుదరనప్పుడు టోపీ అతికించినట్టు విడిగా కనిపిస్తుంది. కింద కుదిరితే అదే టోపీ మనిషిలో కలిసిపోతుంది. మొత్తం ఏడాది పని అనుకోండి. ఒకే నెలలో అన్నీ కొంటే బీరువా నిండుతుంది, వేసుకోవడానికి మాత్రం ఏదీ కుదరదు.

## 1. ముందుగా ఇంట్లో ఆల్బమ్ తీయండి

ఇంటర్నెట్‌లో కనిపించే ఇటలీ, ఇంగ్లండ్ ఫోటోల కంటే మీ తాతగారి, పెదనాన్నగారి నలుపు తెలుపు ఫోటోలు ఎక్కువ పనికొస్తాయి. ఒళ్లు తీరు, భుజాల వెడల్పు, రంగు మీకు దగ్గరగా ఉంటాయి. పైగా ఆ బట్టలు మన ఎండకు తగ్గట్టు కుట్టించుకున్నవి.

మీ శరీరానికి దగ్గరగా ఉన్న మనిషి ఫోటోలు ఐదారు ఎంచుకుని ఇవి గమనించండి:

- ప్యాంటు నడుం బొడ్డు దగ్గర ఉందా, కిందికి ఉందా
- ముందు ప్లీట్లు (నడుం కింద కుట్టే మడతలు) ఉన్నాయా, ఎన్ని
- కాలు కింద ఎంత వెడల్పు, బూటు మీద గుడ్డ ఎంత పడింది
- చొక్కా లోపలికి దోపారా, బయటికి వదిలారా
- కాలర్ మొనలు ఎంత పొడవు
- కాళ్లకు ఏమున్నాయి: బూట్లా, కిర్రు చెప్పులా

తర్వాత ఒక దశాబ్దాన్ని పట్టుకోండి. 1950లలో నడుం పైకి ఉన్న, ప్లీట్లున్న వదులు ప్యాంట్లు. 1960ల చివరికి సన్నని తిన్నటి కాళ్లు. 1970లలో బెల్‌బాటమ్, పెద్ద కాలర్. 1950ల ప్యాంటు మీద 1970ల కాలర్ వేస్తే రెండూ పాతవే అయినా పొసగవు. మొదటిసారి అయితే 1950ల కటింగ్ తీసుకోండి. అది పొట్ట ఉన్నవాళ్లకూ సన్నవాళ్లకూ నప్పుతుంది, గాలి ఆడుతుంది. బెల్‌బాటమ్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

ఇంకో కాగితం మీద మీ వారం రాసుకోండి. ఆఫీసు ఎన్ని రోజులు, బైక్ మీద ఎంతసేపు, గుడికి, పెళ్లిళ్లకు ఎన్నిసార్లు. రోజూ బైక్ మీద 20 కిలోమీటర్లు తిరిగే మనిషికి ఫెల్ట్ (ఊలునో బొచ్చునో ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) టోపీ వాడుక తక్కువ. ఇళ్ల గుమ్మాల దగ్గర రోజుకు నాలుగుసార్లు బూట్లు విప్పే మనిషికి లేసులు భారం. కొనే ముందు ఈ కాగితం చూసుకోండి.

## 2. కొలతలు: ఒక సాయంత్రం పని

కావలసినవి: టైలర్ టేపు, తెల్ల కాగితాలు, పెన్సిలు, సాయం పట్టే ఒక మనిషి.

తల. చెవులకు ఒక సెంటీమీటరు పైన, నుదురు మధ్యగా, వెనక తల ఉబ్బెత్తు మీదుగా టేపు చుట్టండి. బిగించొద్దు. మూడుసార్లు కొలిచి పెద్ద అంకె రాసుకోండి. టోపీని ఎప్పుడూ సెంటీమీటర్లలోనే అడగండి. 58 సెంటీమీటర్ల తలకు బ్రిటిష్ నంబరు 7 1/8, అమెరికన్ నంబరు 7 1/4. నంబరు మాత్రమే చెబితే ఈ తేడాలోనే టోపీ తప్పుతుంది.

పాదం. సాయంత్రమే కొలవాలి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. గోడకు మడమ ఆనించి, కాగితం మీద బరువంతా వేసి నిలబడండి. పెన్సిలు నిలువుగా పట్టుకుని అంచు గీయించండి. రెండు పాదాలూ గీయండి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. పొడవుతో పాటు, బొటనవేలి కీలు దగ్గర వెడల్పు కూడా రాసుకోండి. చెప్పులతో పెరిగిన మనలో చాలామందికి ఆ చోట పాదం వెడల్పు, ఇరుకు బూట్లు బాధపెట్టేది అక్కడే.

మన దుకాణాల్లో మగవాళ్ల బూట్లకు సాధారణంగా బ్రిటిష్ నంబరే వాడతారు. అమెరికా నంబరు దానికంటే ఒకటి ఎక్కువ: ఇక్కడి 8 అక్కడ దాదాపు 9. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బంధువులకు నంబరు చెప్పేటప్పుడు ఇది మరవకండి. ఒక నంబరు పొట్టి బూట్లు పెట్టెలోనే ఉండిపోయిన ఇళ్లు నాకు చాలా తెలుసు.

ప్యాంటు రైజ్. కాళ్ల మధ్య కుట్లు కలిసే చోటు నుంచి బొడ్డు దాకా ముందువైపు కొలత. మీకు బాగా కుదిరిన ప్యాంటులో అదే కొలత ఎంతుందో పక్కన రాయండి.

## 3. బూట్లు

డబ్బు ఎక్కువ పెట్టాల్సిన చోటు ఇదే. చొక్కా తప్పు కుదిరితే చిరాకు మాత్రమే. బూటు తప్పు కుదిరితే నడకే మారిపోతుంది.

### 3.1 ఏ వరుసలో కొనాలి

మొదటి జత ముదురు గోధుమ రంగు డెర్బీ, ముందు భాగం సాదాగా ఉన్నది. డెర్బీలో లేసుల పట్టీలు రెండు వైపులా విడిగా తెరుచుకుంటాయి కాబట్టి వెడల్పు పాదం, ఎత్తు పాదం రెండూ ఇముడుతాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ పట్టీలు కింద కుట్టేసి ఉంటాయి. చూడ్డానికి నాజూకు, సూటు కిందికి బాగుంటుంది, కానీ పాదం వెడల్పు ఉంటే ముందు అది వద్దు.

రెండో జత లోఫర్లు. విప్పడం, తొడగడం తేలిక కాబట్టి మన ఇళ్లకు సరిపోతాయి. పట్టి ఉంచే లేసు లేదు కాబట్టి కొలత కుదరడం అన్నిటికంటే కష్టం వీటికే, అందుకే రెండో స్థానం. మూడోది తోలు చెప్పులు. చేనేత చొక్కాల కింద కొల్హాపురి చెప్పులకు సాటి లేదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో తయారయ్యే వీటికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వానలో మాత్రం వేయకండి, తోలు సోలు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది.

నలుపు ఎప్పుడు? ఆఫీసులో తప్పనిసరి అయితే మొదటి జతే నలుపు తీసుకోండి. లేకపోతే అవసరం వచ్చేదాకా ఆగండి.

### 3.2 సోలు ఎలా అతికిందో చూడటం

బూటు తిప్పి, లోపలికి తొంగి చూడండి.

- పై భాగం చుట్టూ అంచున సన్నని తోలు పట్టీ, దాని మీద కుట్టు కనిపించి, లోపల అడుగున కుట్టు లేకపోతే అది బహుశా గుడ్‌ఇయర్ వెల్ట్. సోలు అరిగాక కొత్తది వేయించుకోవచ్చు.
- లోపల అడుగున చుట్టూ కుట్టు కనిపిస్తే బ్లేక్ కుట్టు. తేలిక, బాగా వంగుతుంది. నీళ్లకు అంతగా ఆగదు.
- ఏ కుట్టూ లేకపోతే జిగురుతో అతికించినది. ధర తక్కువ, రోజువారీకి పనికొస్తుంది, మళ్లీ సోలు వేయించడం కష్టం.

అంచు మీద అలంకారానికి వేసిన ఉత్త కుట్టు కూడా ఉంటుంది. అడుగున సోలులో ఆ కుట్టు దిగిన గాడి ఉందో లేదో అడిగి చూడండి.

ఇంకొకటి జాగ్రత్త. పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) సోలు బూట్లు వాడకుండా పెట్టెలో దాస్తే గాలిలోని తేమకు కొన్నేళ్లలో సోలు దానంతటదే పొడి రాలిపోతుంది. పెళ్లిళ్లకని దాచుకున్న నా జత ఒకటి వరంగల్‌లో పెళ్లి మండపం మెట్ల మీదే ముక్కలైంది. పైన తోలు కొత్తదానిలా మెరుస్తూనే ఉంది. అలాంటివి దాచడం కంటే వాడటమే వాటికి మేలు.

### 3.3 దుకాణంలో పరీక్ష

- సాయంత్రం వెళ్లండి, మీరు వేసుకునే సాక్సులతోనే తొడగండి
- రెండు కాళ్లకూ వేసి గట్టి నేల మీద ఐదు నిమిషాలు నడవండి
- బొటనవేలి కీలు, బూటు వంగే చోటు ఒకే దగ్గర ఉండాలి
- వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి
- డెర్బీ లేసులు కట్టాక పట్టీల మధ్య కాస్త సందు మిగలాలి. పూర్తిగా కలిసిపోతే బూటు వదులు
- లోఫరు మొదటి రోజు చేతికి తొడిగిన గ్లవ్‌లా బిగువుగా ఉండాలి, నొప్పి మాత్రం ఉండకూడదు

వెడల్పులో బిగువు ఉంటే తోలు కొన్నాళ్లకు సర్దుకుంటుంది. పొడవు చాలకపోతే ఎన్నాళ్లు వేసినా సర్దుకోదు.

### 3.4 బూటు కరిస్తే

కొత్తవి వేసుకుని పెళ్లికి బయల్దేరకండి. ఇంట్లో మందపాటి సాక్సులతో రోజుకు గంట, వారం పాటు వేయండి.

మడమ జారుతూ కరుస్తుంటే అందరూ మడమ దగ్గర మెత్త అతికిస్తారు. దాంతో పాదం ఇంకా ముందుకు తోసుకుపోతుంది. ముందుగా బూటు నాలుక (పాదం పైన ఆనే తోలు ముక్క) కింద పలుచని మెత్త అతికించి చూడండి. పాదం వెనక్కి ఒత్తుకుని మడమ కుదురుకుంటుంది. కీలు దగ్గర నొక్కుతుంటే బూట్లు బాగుచేసే అతని దగ్గర కొయ్య అచ్చు ఎక్కించి రెండు రోజులు ఉంచమనండి. నొక్కే చోట సుద్దతో గుర్తు పెట్టి ఇస్తే అక్కడే సాగదీస్తాడు.

### 3.5 సంరక్షణ

ఒకే జత వరుసగా రెండు రోజులు వేయకండి. లోపలి చెమట ఆరడానికి ఒక రోజు కావాలి. విప్పిన వెంటనే కొయ్య అచ్చులు పెట్టండి, లేకపోతే పాత దినపత్రిక ఉండ చుట్టి కుక్కండి.

పాలిష్ వరుస ఇది: లేసులు తీయండి, బ్రష్‌తో దుమ్ము దులపండి, తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి, క్రీము చాలా పలుచగా రాయండి, పది నిమిషాలు ఆగండి, గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో రుద్దండి. మెరుపు కావాలంటే ఆ పైన మైనం పాలిష్. దుమ్ము దులపకుండా పాలిష్ రాస్తే ఇసుక రేణువులు తోలును గీస్తాయి, చాలామంది బూట్లు పాడయ్యేది అక్కడే. స్పాంజితో మెరిపించే ద్రవం రోజూ వాడొద్దు, తోలు మీద పొర కట్టి చివరికి పగుళ్లిస్తుంది.

## 4. ప్యాంటు, చొక్కా: టైలర్‌తో మాట్లాడటం

"పాతకాలం స్టైల్‌లో కుట్టండి" అంటే ఏ టైలర్‌కూ ఏమీ అర్థం కాదు. ఫోటో ప్రింటు, ఆది ప్యాంటు, అంకెలు, ఈ మూడూ చేతికివ్వండి. 1980ల నుంచి మిషన్ తొక్కుతున్న పెద్దాయన దొరికితే ఆయన దగ్గరికే వెళ్లండి. ప్లీట్ ప్యాంటు ఆయన చేతికి బాగా అలవాటు.

నేను చెప్పే మాటలు ఇవి:

- నడుం బొడ్డు దగ్గర. రైజ్ 11.5 నుంచి 12 ఇంచీలు (మామూలుగా ఇప్పుడు 10 దగ్గర కుడతారు, మీ ఎత్తును బట్టి మారుతుంది)
- ముందు ఒక్కో వైపు రెండు ప్లీట్లు. నిలబడ్డప్పుడు అవి తెరుచుకోకూడదు
- సీటు, తొడ వదులు. కింద బాటమ్ చుట్టుకొలత 17 నుంచి 18 ఇంచీలు
- బెల్టు లూపులు వద్దు, నడుం పక్కన బిగించే పట్టీలు
- లోపల కుట్టు దగ్గర ఒక ఇంచీ గుడ్డ వదలాలి, తర్వాత విప్పుకోవడానికి
- కచ్చా కుట్టుతో ఒక ట్రయల్

ప్లీట్లు తెరుచుకుంటే సీటు బిగువుగా ఉందని అర్థం. ప్లీట్లు తీసేయమనకండి, సీటు వదులు చేయించండి. గుడ్డ 58 ఇంచీల పన్నా అయితే మామూలు ప్యాంటుకు 1.3 మీటర్లు పడుతుంది, దీనికి 1.5 తీసుకోండి. మరీ పలుచని గుడ్డకు ఈ కటింగ్ నిలవదు, ఒంటికి అంటుకుంటుంది. కాస్త బరువున్న కాటన్ డ్రిల్ (గట్టి నేత కాటన్), లేదా టెర్రీ ఊల్ (పాలిస్టర్ కలిపిన ఊలు) బాగుంటాయి.

చొక్కాకు మన చేనేతే తగినది. సాదా మంగళగిరి కాటన్‌తో ఓపెన్ కాలర్ బుష్ షర్టు (బయటికి వదిలే వదులు చొక్కా) కుట్టిస్తే ఆ ఫోటోల్లోని వదులు, గాలి రెండూ వస్తాయి. అంచు ఉన్న గుడ్డ అయితే అంచును జేబు మీద సన్నగా వాడండి, ఛాతీ మీదుగా వేయించకండి. పొందూరు ఖద్దరు నిండు చేతుల చొక్కాకు అందం. చేనేత గుడ్డను కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. ఈ పని టైలర్ చేస్తాడని వదిలేయొద్దు, మీరే చేసి ఇవ్వండి. మొదటి ఉతుకులో చేతులు పొట్టి అయిపోయిన చొక్కాను ఎవరూ బాగుచేయలేరు.

## 5. టోపీ

కింది మూడూ కుదిరి, రెండు మూడు నెలలు వేసుకుని అలవాటయ్యాక టోపీకి రండి.

### 5.1 ఏ టోపీ

మన దగ్గర ఫిబ్రవరి నుంచి జూన్ దాకా గడ్డి టోపీ. పనామా టోపీ పేరుకే పనామా, నేసేది ఈక్వడార్‌లో, టొకీయా అనే ఆకు నారతో. తక్కువ ధరలో 'పనామా' అని అమ్మేవాటిలో చాలావరకు కాగితపు దారంతో చేసినవి. చూపుకు తేడా తెలియదు, ఒక్క వానకు మెత్తబడిపోతాయి. వెలుతురుకు పట్టి చూడండి. ఆకు నార అయితే ఒక్కో పోగు రంగులో, మందంలో కొంచెం తేడా ఉంటుంది. కాగితం అయితే అన్నీ అచ్చు గుద్దినట్టు ఒక్కలాగే ఉంటాయి.

ఫెల్ట్ ఫెడోరా (చుట్టూ అంచు, పైన నొక్కు ఉన్న టోపీ) డిసెంబరు, జనవరిలో సాయంత్రాలకు, అరకు, లంబసింగి ప్రయాణాలకు. చికాగోలోనో టొరంటోలోనో ఉన్నవాళ్లకు అయితే ఇదే ముఖ్యమైన టోపీ. ఊలు ఫెల్ట్ కంటే కుందేలు బొచ్చు ఫెల్ట్ మెరుగు. ఊలుది తడిస్తే ముడుచుకుపోతుంది.

మెత్తటి ఫ్లాట్ క్యాప్ (ముందు మాత్రమే చిన్న అంచున్న టోపీ) బైక్ మీద తిరిగేవాళ్లకు అనుకూలం, హెల్మెట్ పెట్టుకున్నప్పుడు మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. లినెన్‌ది తీసుకోండి. సగం మందికి ఇదే సరైన మొదటి టోపీ అని నా అభిప్రాయం.

ఒకటి వద్దంటాను: జీలుగు బెండుతో చేసిన దొరల సోలా టోపీ. అది తెల్లదొరల అధికారానికి గుర్తుగా ఉండేది, ఇప్పుడు పెట్టుకుంటే నాటకం వేషంలా ఉంటుంది. పాతదైన ప్రతిదీ తలకెత్తుకోనక్కర్లేదు.

### 5.2 అద్దం ముందు

చేతి అద్దం చాలదు. నిలువుటద్దంలో, మీ బూట్లు ప్యాంటుతో సహా చూసుకోండి.

- టోపీ పై భాగం వెడల్పు చెంప ఎముకల వెడల్పుకు దగ్గరగా ఉండాలి
- అంచు 6 నుంచి 6.5 సెంటీమీటర్లు ఉంటే చాలామందికి నప్పుతుంది. 4 సెంటీమీటర్ల అంచున్న ట్రిల్బీ వెడల్పు ముఖం మీద చిన్నపిల్లల టోపీలా ఉంటుంది
- ముఖం పొడవుగా ఉంటే ఎత్తు తక్కువ టోపీ, గుండ్రంగా ఉంటే కాస్త ఎత్తున్నది
- తల వంచి ఊపితే పడకూడదు. తీశాక నుదుటి మీద ఎర్రటి గీత పడకూడదు
- కళ్లజోడు పెట్టుకునే చూడండి

కాస్త వదులైతే లోపలి చెమట పట్టీ వెనక సన్నని స్పాంజి పట్టీ దూర్చండి. బిగువైన టోపీని మాత్రం కొనకండి. టోపీ రంగు బూట్ల రంగుతో అచ్చం కలవనక్కర్లేదు. గోధుమ రంగు బూట్లకు గోధుమ రంగు రిబ్బను చాలు.

### 5.3 అలవాటు చేసుకోవడం

మొదటి వారం సాయంత్రపు నడకకు పెట్టుకోండి. రెండో వారం కూరగాయల బజారుకు. తర్వాతే ఫంక్షన్లకు. నలుగురూ ఒకటి రెండుసార్లు చూస్తారు, మూడోసారికి వాళ్లకూ అలవాటవుతుంది. ఈలోగా మాటిమాటికీ చేత్తో సర్దుకోకండి, కొత్తదని తెలిసేది ఆ సర్దుకోవడంలోనే. గుడిలో, భోజనం దగ్గర, పెద్దలకు నమస్కరించేటప్పుడు తీసేయండి.

### 5.4 టోపీని పాడుచేసే నాలుగు పనులు

తలనూనె. కొబ్బరినూనె రాసుకున్న రోజు టోపీ వద్దు. చెమట పట్టీలోంచి నూనె పైకి ఊరితే ఆ మరక పోదు.

ముందు భాగం గిల్లి పట్టుకోవడం. ఫోటోల్లో బాగుంటుంది, గడ్డి టోపీ అయితే అక్కడే పగులుతుంది. అంచు ముందూ వెనకా పట్టుకుని ఎత్తండి.

కారులో వదిలేయడం. ఎండలో నిలిపిన కారు వేడికి చెమట పట్టీ ముడుచుకుని, టోపీ ఒక నంబరు తగ్గుతుంది.

అంచు మీద బోర్లించి పెట్టడం. అంచు వంగిపోతుంది. వెల్లకిలా, పై భాగం కిందికి ఉండేలా పెట్టండి, చెమట పట్టీ బయటికి తిప్పితే ఆరిపోతుంది కూడా.

అంచు ఇప్పటికే వంగితే కెటిల్ ఆవిరికి అడుగు దూరంలో పది సెకన్లు పట్టి, చేత్తో సరిచేసి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. చాలకపోతే మళ్లీ చేయండి. ఒక్కసారే ఎక్కువ ఆవిరి పడితే టోపీ మొత్తం మెత్తబడుతుంది.

## 6. పాత వస్తువులే కొంటే

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలోనైనా, బంధువుల అటకలోనైనా చూడాల్సినవి ఇవే:

- కోటు: భుజాలు కుదరకపోతే వదిలేయండి. నడుం, చేతులు సరిచేయవచ్చు, భుజం సరిచేయడం కొత్తది కుట్టించినంత పని
- చంకల దగ్గర పసుపు మరక పోదు
- ఊలుగుడ్డను వెలుతురుకు పట్టి పురుగు కన్నాలు చూడండి
- బూట్లు: వంగే చోట తోలు పగిలితే వద్దు. లోపల ముందు యజమాని పాదం అచ్చు లోతుగా ఉంటే మీ పాదానికి కుదరదు
- టోపీ: చెమట పట్టీ ఎండి పెళుసుగా విరుగుతుంటే ధర సగానికి అడగండి

తాతగారి కోటే దొరికితే వెంటనే కత్తిరించకండి. ముందు ఆ కొలతలతో కొత్తది కుట్టించండి, పాతదాన్ని ఆదిగా ఉంచుకోండి.

## 7. కలిపి వేసుకోవడం

ఒక రోజుకు కొట్టొచ్చినట్టు కనిపించే పాతకాలపు వస్తువు ఒక్కటే, మిగతావి సాదా. ప్లీట్ ప్యాంటు, తెల్ల చొక్కా, డెర్బీ, టోపీ లేకుండా: ఆఫీసుకు ఇంతే. బుష్ షర్టు, అదే ప్యాంటు, కొల్హాపురి చెప్పులు, గడ్డి టోపీ: ఆదివారానికి. పెళ్లికైతే పొందూరు చొక్కా, లోఫర్లు చాలు, టోపీ ఇంట్లోనే ఉంచండి. మండపంలో ఎలాగూ తీయాలి, పెట్టడానికి చోటుండదు.

బయల్దేరే ముందు ఫోటో తీసుకోండి. నెల తర్వాత అన్నీ వరుసగా చూస్తే ఏది మీకు నప్పుతోందో, దేన్ని బలవంతంగా వేసుకుంటున్నారో మీ కళ్లకే తెలుస్తుంది.

## 8. వానాకాలానికి ముందు

జూన్ మొదటి వారంలో ఒక పూట కేటాయించండి.

- తోలు బూట్లకు క్రీము రాసి, ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి గుడ్డ సంచుల్లో పెట్టండి
- ప్రతి సంచిలో సిలికా జెల్ పొట్లాలు
- గడ్డి టోపీని డబ్బాలో వెల్లకిలా, పై భాగం చుట్టూ పలుచని కాగితం పెట్టి
- పదిహేను రోజులకోసారి అన్నీ తీసి ఫ్యాను కింద గంటసేపు

తోలు మీద బూజు పట్టినా పారేయకండి. ఆరుబయట పొడి బ్రష్‌తో దులపండి. తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి గుడ్డతో తుడవండి, నీడలో ఆరనివ్వండి, మర్నాడు క్రీము రాయండి. ఎండలో పెడితే బూజు చస్తుంది, దాంతోపాటు తోలూ ఎండి పగులుతుంది. తడిసిన బూట్లనూ నీడలోనే ఆరబెట్టాలి: లోపల దినపత్రిక కుక్కి గంటకోసారి మార్చాలి, గాలి తగిలేలా పక్కకు వాల్చి పెట్టాలి. బూజు దులిపిన బ్రష్‌ను విడిగా ఉంచండి, మళ్లీ పాలిష్‌కు వాడితే బూజు మిగతా జతలకూ అంటుకుంటుంది.